యూనివర్సిటీ ల్యాబ్‌లో కంపెనీ డబ్బు: పరిశోధన దిశ ఎవరి చేతిలో ఉండాలి?

మైక్రోబీమ్: మెమ్స్ అంటే సిలికాన్ మీద చెక్కే అతి చిన్న కదిలే పరికరాలు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లోని బర్కిలీ సెన్సర్ అండ్ యాక్చుయేటర్ సెంటర్ 1986 నుంచి ఈ పనే చేస్తోంది. కంపెనీలు ఏటా సభ్యత్వ రుసుము కట్టి, ఫలితాలను ముందుగా చూస్తాయి. ఇలాగైతే పరిశోధన కంపెనీ అవసరాల వైపే ఒరిగిపోదా? నేను అమెరికాలోనే ఇలాంటి వేరే సెంటర్‌లో పీహెచ్‌డీ చేశాను, అందుకే అడుగుతున్నా.

ఫ్యాబ్_రాజు: ఒరిగితే నష్టమేంటి? సిలికాన్‌లో నిట్టనిలువుగా లోతైన గాడి తవ్వే పద్ధతిని 1990ల మొదట్లో కనిపెట్టింది బాష్ కంపెనీవాళ్లు. ఇవాళ ఏ యూనివర్సిటీ క్లీన్‌రూమ్‌కి, అంటే చిప్‌లు చేసే దుమ్ములేని గదికి, వెళ్లినా దాన్ని బాష్ ప్రాసెస్ అనే అంటారు.

మైక్రోబీమ్: మరి సిలికాన్ ఆక్సైడ్ పొర మీద పాలీసిలికాన్ (సిలికాన్‌లోనే ఒక రకం) పొర వేసి, కింది ఆక్సైడ్‌ని హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్) ఆసిడ్‌లో కరిగించి, పైన మిగిలిన సన్నటి సిలికాన్ దూలాన్ని గాల్లో నిలబెట్టింది ఎవరు? 1980ల మొదట్లో బర్కిలీలో హోవ్, ముల్లర్ అనే పరిశోధకులు. అనలాగ్ డివైసెస్ కంపెనీ చేసిన కారు ఎయిర్‌బ్యాగ్ చిప్ ఏడీఎక్స్‌ఎల్50 ఆ దారిలో వచ్చిందే.

ఫ్యాబ్_రాజు: 'గాల్లో నిలబెట్టింది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆసిడ్ కడిగాక ఆరబెట్టేటప్పుడే ఉంది అసలు తంటా. వెంట్రుక కన్నా సన్నని, రెండు మైక్రాన్ల సందులో మిగిలిన నీళ్లు ఆరుతూ ఆరుతూ దూలాన్ని కిందికి లాగి అంటించేస్తాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే దూలం మొదలు స్పష్టంగా ఉంటుంది, కొస మసకబారి ఉంటుంది. అంటే అంటుకుపోయినట్టే. రీసెర్చ్ పేపర్‌లో ఫొటోకి ఒక్క దూలం నిలబడితే చాలు. కారుకి ప్రతి చిప్పూ నిలబడాలి.

గోదారిగట్టు: సూపర్‌క్రిటికల్ (ద్రవమూ వాయువూ కాని స్థితిలో ఉన్న) కార్బన్ డయాక్సైడ్‌తో అంటుకోకుండా ఆరబెట్టే పద్ధతిని 1993లో చూపించింది కూడా బర్కిలీవాళ్లే.

ఫ్యాబ్_రాజు: ఆ డ్రయ్యర్‌లో ఒక్కసారికి ఎన్ని వేఫర్లు (చిప్‌లు చేసే సిలికాన్ బిళ్లలు) పడతాయి? అది చెప్పండి ముందు.

మైక్రోబీమ్: డ్రయ్యర్ సంగతి వదిలేయండి. నా పేపర్‌ని స్పాన్సర్ కంపెనీ 'పేటెంట్ వేశాక పంపు' అని ఆపింది. రెండు నెలలన్నారు, పదకొండు నెలలైంది. ఈలోగా ఇంకో దేశంలో ఇంకో గ్రూపు అదే ఫలితాన్ని అచ్చు వేసేసింది. నేను ముందే చేసిన పనికి నా థీసిస్‌లో వాళ్ల పేరు రాసుకోవాల్సి వచ్చింది.

ఫ్యాబ్_రాజు: అది బాధే, కాదనను. నా గోడు కూడా వినండి. మా కంపెనీ ఒక యూనివర్సిటీకి మూడేళ్లు డబ్బు కట్టింది. కుర్రాడు పట్టా తీసుకుని వెళ్లిపోయాడు. లాగ్‌బుక్ తెరిస్తే ఎచ్ టైమ్ (ఆసిడ్‌లో ఎంతసేపు ఉంచాలన్నది) దగ్గర 'పోయినసారి లాగే' అని ఉంది. వెనక్కి తిప్పితే ఆ పేజీలోనూ అదే మాట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆ ఏడాది నా ప్రమోషన్ పోయింది.

మైక్రోబీమ్: 'వెళ్లిపోయాడు' అంటారేంటండీ? అతను మీ ఉద్యోగా? చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి.

ఫ్యాబ్_రాజు: మూడేళ్లూ అతని స్టైపెండ్ మా డబ్బే! చేసిన పని అప్పజెప్పి వెళ్లడం ధర్మం కాదా?

మైక్రోబీమ్: అప్పజెప్పేటప్పుడు ఉద్యోగి కావాలి, పేపర్ మీద పేరు అడిగితే మాత్రం విద్యార్థి కావాలి. ఇదే నాకు పడనిది!

గోదారిగట్టు: ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. మీ తగవు దూలాల గురించి కాదు, విద్యార్థి చేసిన పని ఎవరి సొత్తు అన్నదాని గురించి. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ, డేవిస్ క్యాంపస్‌ల పరిశోధకులు తమ అల్ట్రాసౌండ్ సెన్సర్‌తో 2013లో చర్ప్ అనే కంపెనీ సొంతంగా పెట్టుకున్నారు. 2018లో దాన్ని జపాన్ కంపెనీ టీడీకే కొనుక్కుంది. పని చేసినవాళ్లే దాన్ని చివరిదాకా నడిపిన దారి కూడా ఒకటుంది.

ఫ్యాబ్_రాజు: అందరూ కంపెనీలు పెట్టలేరండీ.

సంధ్య_ఈసీఈ: నేను ఈ ఆగస్టులో పీహెచ్‌డీలో చేరుతున్నాను. ఆఫర్ లెటర్‌లో స్పాన్సర్డ్ ప్రాజెక్ట్ అని ఉంది. పేపర్ ఎన్నాళ్లు ఆపొచ్చో ఎక్కడ రాసి ఉంటుంది?

మైక్రోబీమ్: యూనివర్సిటీకి, కంపెనీకి మధ్య జరిగిన ఒప్పందంలో. చేరకముందే మీ ప్రొఫెసర్‌ని అడగండి. ఇన్ని రోజులు అని అంకె ఉందో లేదో చూసుకోండి. నేను అడగలేదు.

ఫ్యాబ్_రాజు: చేరాక ఎచ్ టైమ్ నిమిషాలు, సెకన్లతో సహా రాయమ్మా. ఆసిడ్ ఏ రోజు కలిపారో కూడా.