డిస్నీలాండ్ మ్యాజిక్ కీ: ఇర్వైన్‌లో ఉండేవాళ్ళకి గిట్టుబాటు అవుతుందా?

ఇర్వైన్_అమ్మ:
అందరికీ నమస్కారం. బాబు ఫస్ట్ గ్రేడ్, పాపకి మార్చిలో మూడేళ్ళు నిండుతాయి. జనవరిలో మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు. మా ఆయన డిస్నీలాండ్ ఏడాది పాస్‌లైన మ్యాజిక్ కీల్లో పెద్దది, ఇన్‌స్పైర్ కీ తీసేసుకుందాం, వెళ్ళినప్పుడల్లా టికెట్ల గోల ఉండదు అంటున్నారు. 2024 అక్టోబర్‌లో పెంచాక అది ఒక్కొక్కరికి 1,749 డాలర్లు అయింది. నలుగురికి వేసుకుంటే దాదాపు ఏడు వేలు, నాకు గుండె దడగా ఉంది. దానికంటే చిన్నదైన ఎన్‌చాంట్ కీ (2024లో 974) సరిపోతుందా? పాపకి ఇప్పుడే తీసుకోవాలా, మార్చి దాకా ఆగాలా? పెద్దవాళ్ళకి పాస్ వేస్టా? పార్కింగ్ సంగతి కూడా చెప్పండి. ఇక్కడ పాస్ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు, అందుకే అడుగుతున్నా.

అనాహైమ్_సత్య:
కళ్ళు మూసుకుని ఎన్‌చాంట్ తీసుకోండి. మాకు అదే ఉంది. చాలా శనివారాలు బ్లాకౌట్, అంటే ఆ రోజు పాస్ చెల్లదు, అయితే ఏంటి? శనివారం ఆ జనంలోకి అసలు ఎందుకు వెళ్ళాలి? మేము మామూలు రోజుల్లో స్కూల్ అయ్యాక పిల్లల్ని కార్లోనే స్నాక్స్ తినిపిస్తూ తీసుకెళ్తాం, రెండు మూడు రైడ్లు ఎక్కి, మెయిన్ స్ట్రీట్‌లో కాసేపు కూర్చుని, తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చేస్తాం. ఒక్కరోజు టికెట్ కొన్నవాళ్ళు పొద్దున గేటు తెరిచినప్పటి నుంచి అర్ధరాత్రి దాకా పిల్లల్ని ఈడ్చుకుంటూ తిరగడం చూస్తే జాలేస్తుంది. డబ్బు రాబట్టుకోవాలన్న తొందర లేకపోవడమే పాస్‌లో అసలు సుఖం. ఒక్కరోజు టికెట్ 2024 అక్టోబర్‌లో పెంచాక రోజుని బట్టి 104 నుంచి 206 డాలర్ల దాకా అయింది, మిగతా లెక్క మీరే వేసుకోండి.

లెక్కల_మాస్టారు:
సత్యగారు సగం సంగతే చెప్పారు. నేను పాత యాన్యువల్ పాస్‌పోర్ట్ రోజుల నుంచి పాస్ మీద ఉన్నవాణ్ణి, ఈ పార్కు రూల్స్ నాకు తెలిసినంత ఇక్కడ ఇంకెవరికీ తెలియవని ధైర్యంగా చెప్పగలను. పాత పాస్‌లు 2021 జనవరిలో ఎత్తేసి, అదే ఏడాది ఆగస్టులో ఈ మ్యాజిక్ కీ తెచ్చారు. పెద్ద తేడా ఏంటంటే రిజర్వేషన్. పాస్ ఉన్నంత మాత్రాన లోపలికి పోలేరు, ఆ రోజుకి బుక్ చేసుకుని ఉండాలి. ఒకేసారి ఇన్‌స్పైర్, బిలీవ్ కీలు ఉన్నవాళ్ళు ఆరు రోజులు పట్టుకోవచ్చు, ఎన్‌చాంట్ వాళ్ళు నాలుగు, ఇమాజిన్ వాళ్ళు రెండే. బుక్ చేసి వెళ్ళకపోతే, అలా 90 రోజుల్లో మూడుసార్లు జరిగితే, 30 రోజుల పాటు కొత్త బుకింగ్ ఇవ్వరు. చిన్నపిల్లలకి జ్వరాలొచ్చే ఇళ్ళలో ఇది గుర్తుపెట్టుకోవాలి, వెళ్ళలేమని తెలియగానే క్యాన్సిల్ చేసుకోండి.

మొదట్లో డ్రీమ్ కీ అని 1,399కి ఉండేది, బ్లాకౌట్ తేదీలు లేవన్నారు, తీరా చూస్తే రిజర్వేషన్లు దొరకడం లేదని ఒకావిడ కోర్టుకెళ్ళారు, చివరికి 95 లక్షల డాలర్లకి సెటిల్ అయింది. కాబట్టి ‘బ్లాకౌట్ లేదు’ వేరు, ‘చోటు ఉంది’ వేరు. ముందు బాబు స్కూల్ క్యాలెండర్ పక్కన బ్లాకౌట్ క్యాలెండర్ పెట్టుకుని చూడండి. ఆ పని చేయకుండా కీ పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఆర్టీషియా_బాబాయి:
ఇంత లెక్కలెందుకమ్మా. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు. మీ పాప కాస్త పొట్టిగా ఉంటే ఇంకో ఏడాది రెండున్నరే అని చెప్పండి, గేటు దగ్గర ఎవరూ బర్త్ సర్టిఫికెట్ అడగరు. మా చుట్టాల్లో అందరూ అదే చేశారు. వెయ్యి డాలర్లు మిగులుతాయి.

టస్టిన్_టీచర్:
ఇది చదివి ఒళ్ళు మండింది. బాబాయిగారూ, మీరు పెద్దవారు, ఇలాంటి సలహా నలుగురిలో ఎలా ఇస్తారండీ? నేను చిన్నపిల్లలకి పాఠాలు చెప్తాను. మూడు దాటిన పిల్లకి తన వయసంటే ఎంత గర్వమో మీకు తెలియదా? లైన్లో నా ముందే చూశాను, ఒక అమ్మాయి నాలుగు వేళ్ళు చూపించి ‘ఐయామ్ ఫోర్’ అంది, వాళ్ళమ్మ చెయ్యి గిల్లింది. ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేను. వెయ్యి డాలర్లు లేకపోతే వెళ్ళకండి. బిడ్డకి అబద్ధం నేర్పి మరీ చూపించాల్సిన చోటు కాదది.

ఆర్టీషియా_బాబాయి:
అబ్బో, పెద్ద నేరం చేసినట్టు మాట్లాడుతున్నారు. ఊళ్ళో ఆర్టీసీ బస్సుల్లో ఐదేళ్ళు దాటినా ఒళ్ళో కూర్చోబెట్టుకుని హాఫ్ టికెట్ ఎగ్గొట్టని ఇల్లు ఏదన్నా ఉందా? వాళ్ళంతా దొంగలైపోయారా? వేలకోట్ల కంపెనీ, మీ పాప టికెట్ లేకపోతే మూతపడదు.

టస్టిన్_టీచర్:
కంపెనీ గురించి కాదు నేను మాట్లాడేది, పిల్ల గురించి. మా నాన్న కండక్టర్. ఆ హాఫ్ టికెట్ల విషయంలో చెకింగ్ వాళ్ళు పట్టుకుంటే మాటపడింది ఆయన. మీకు అది చిన్న విషయమేమో, మా ఇంట్లో కాదు.

ఫుల్లర్టన్_కిరణ్:
టీచర్ గారితో ఏకీభవిస్తున్నా. పైగా పాస్‌కీ టికెట్‌కీ గేటు దగ్గర ఫోటో తీస్తారు, ఊరికే వదిలేస్తారనుకోకండి. బాబాయ్, మీరంటే గౌరవం, కానీ ఆ పోస్టు తీసేయండి, కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నిజమనుకుంటారు.

ఆర్టీషియా_బాబాయి:
తీసేది లేదు. ఇష్టమున్నవాళ్ళు చేస్తారు, లేనివాళ్ళు మానేస్తారు. నీతులు వినడానికి గుడికి వెళ్తాను, ఇక్కడికి కాదు.

లెక్కల_మాస్టారు:
గొడవ ఆపండి. అడిగినదానికి జవాబు: పాప పుట్టినరోజు దాకా పాస్ అక్కర్లేదు, మూడు నిండిన రోజు నుంచి కావాలి. ఇంకో విషయం, మ్యాజిక్ కీలో పిల్లల ధర అని వేరే లేదు, మూడేళ్ళ పాపకైనా మీ ఆయనకైనా అదే రేటు. మామూలు టికెట్లలో 3 నుంచి 9 ఏళ్ళవాళ్ళకి కాస్త తక్కువ. ఆ పాప ఎక్కగలిగే రైడ్లు తక్కువ, కట్టేది మాత్రం మీ అంత. నన్నడిగితే మొదటి ఏడాది తల్లిదండ్రుల్లో ఒకరికి, బాబుకి తీసుకుని చూడండి. నలుగురికీ ఒకేసారి తీసుకోవడం తెలివైన పని కాదు.

అనాహైమ్_సత్య:
మాస్టారూ, తల్లిదండ్రుల్లో ఒకరికే తీసుకుంటే రెండో వాళ్ళు ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? మూడేళ్ళ పాప ఎక్కడానికి ఫాంటసీల్యాండ్ మొత్తం ఉంది. డంబోకి ఎత్తు పరిమితి లేదు, టీకప్స్‌కి లేదు, ట్రైన్‌కి లేదు. ఇర్వైన్ అమ్మగారూ, ఎత్తు సమస్య వచ్చేది మీ బాబుకి. స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్, రేడియేటర్ స్ప్రింగ్స్ రైడ్లకి కనీసం 40 అంగుళాలు ఉండాలి, మాటర్‌హార్న్ 42, ఇండియానా జోన్స్ 46, ఇన్‌క్రెడికోస్టర్ 48. ముందు గోడకి నిలబెట్టి కొలవండి. 48 దాటాడంటే ఈ ఏడాదే తీసుకోవాలి, వాడికి అసలు పండగ ఇప్పుడే.

శాన్‌డియాగో_నుంచి_షార్లట్:
ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకి చాలా పార్కుల్లో నెలనెలా కట్టే సౌకర్యం ఉంటుంది, ముందు కొంత కట్టి మిగతాది పన్నెండు నెలల్లో. వడ్డీ లేదు కదా అని అందరూ అటే వెళ్తారు. మేమూ ఒక పార్కుకి అలాగే తీసుకున్నాం, పేరు వద్దు. పాస్ చేతికొచ్చిన కొత్తల్లోనే నాకు లేఆఫ్. హెచ్1బీ మీద 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, దొరికింది నార్త్ కరోలినాలో. సామాను సర్దుకుని దేశం ఆ చివరికి వచ్చాం, నెలనెలా కోత మాత్రం ఆగలేదు. పాస్ వాపసు ఇవ్వరు, వేరేవాళ్ళ పేరు మీదకి మార్చరు. ఫోన్ చేస్తే మర్యాదగా అదే మాట చెప్పారు. ఒప్పందంలో ఉన్నదే, కాదనను. కానీ ఉద్యోగం లేని ఆ నెలల్లో కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ లైన్ చూసినప్పుడల్లా మా ఆవిడ ఏడ్చేది. వీసా మీద ఉన్నవాళ్ళు పాస్‌ని 12 నెలల అప్పు కిందే లెక్కేసుకోండి.

ఇర్వైన్_అమ్మ:
అయ్యో, బాధగా ఉందండీ. ఇప్పుడు అంతా సర్దుకుందా? మేమూ హెచ్1బీయే, ఇది మా ఆయనకి చూపిస్తాను.

శాన్‌డియాగో_నుంచి_షార్లట్:
సర్దుకుందండీ. ఇక్కడ క్యారోవిండ్స్ అనే పార్కు ఉంది, పిల్లలు హ్యాపీ. ఈసారి మొత్తం ఒకేసారి కట్టాను.

డాలస్_కుర్రాడు:
డిస్నీకి అంత పెట్టడం ఏంటన్నా అసలు? ఇక్కడ ఆర్లింగ్టన్‌లో సిక్స్ ఫ్లాగ్స్ పాస్ ధరకి అక్కడ చాలా రోజుల్లో ఒక్కరోజు టికెట్ కూడా రాదు, పార్కింగ్ కలిసొచ్చే పాస్‌లూ ఉన్నాయి. 1961 నుంచి ఉన్న పార్కు, మొట్టమొదటి సిక్స్ ఫ్లాగ్స్ ఇదే. రోలర్ కోస్టర్ అంటే ఇక్కడికి రండి, బొమ్మల ఊరేగింపుకి ఏడు వేలు పెట్టకండి.

అనాహైమ్_సత్య:
తమ్ముడూ, ఆవిడ పిల్లలకి ఆరేళ్ళు, రెండున్నరేళ్ళు. నీ కోస్టర్లు వాళ్ళు ఎక్కలేరు. ఎండాకాలం ఆర్లింగ్టన్ ఎండలో మూడేళ్ళ పిల్లని తిప్పి చూడు, తర్వాత మాట్లాడదాం.

ఫుల్లర్టన్_కిరణ్:
తమ్ముడి మాటలో కొంత నిజం ఉంది. మాకు నాట్స్ బెర్రీ ఫామ్ పాస్ ఉంది, బ్యూనా పార్క్‌లో. డిస్నీతో పోలిస్తే చాలా చవక, చిన్నపిల్లలకి క్యాంప్ స్నూపీ ఉంది, పాపకి భలే నచ్చుతుంది. 2024 జూలైలో నాట్స్ ఓనర్ సెడార్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ కలిసిపోయాయి కాబట్టి నాట్స్ ఇప్పుడు సిక్స్ ఫ్లాగ్స్ కిందే. ఆదివారం పొద్దున నాట్స్, సాయంత్రం దగ్గర్లోనే ఆర్టీషియా వెళ్ళి పయనీర్ బూలెవార్డ్‌లో కూరగాయలు, కరివేపాకు తెచ్చుకుంటాం. వసంతంలో బాయ్సన్‌బెర్రీ ఫెస్టివల్ తప్పకుండా చూడండి, ఆ పండుని అమ్మకానికి పెంచి పేరు తెచ్చింది ఆ తోటే. ఒకటే ఇబ్బంది, బయటి తిండి లోపలికి రానివ్వరు.

మలిబు_గుడి_భక్తుడు:
అదే పాయింట్! డిస్నీలో ఇంటి భోజనం తీసుకెళ్ళొచ్చు. గాజు సీసాలు, మందు, వేడి చేయాల్సినవి తప్ప అన్నీ రానిస్తారు. మేము పులిహోర, పెరుగన్నం, చపాతీ రోల్స్ పట్టుకెళ్తాం. నలుగురు లోపల రెండు పూటలు తింటే ఎంతవుతుందో ఎవరూ లెక్కలో వేయడం లేదు. ఇన్‌స్పైర్‌కి తిండి మీద 15 శాతం తగ్గింపు అని గొప్పగా చెప్తారు, పులిహోర డబ్బా మీద నూటికి నూరు శాతం తగ్గింపు.

లెక్కల_మాస్టారు:
ఆ 15 శాతం మీరు తీసిపారేస్తున్నారు, కానీ బొమ్మలు, టీషర్టుల మీద 20 శాతం కూడా ఉంది, ఇన్‌స్పైర్‌కి పార్కింగ్ కూడా కలిసి వస్తుంది. 2024లో పార్కింగ్ రోజుకి 35 డాలర్లు ఉండేది. ఆ లెక్కన నెలకి రెండుసార్లు వెళ్ళేవాళ్ళకి ఏడాదికి 840. 2024 ధరల్లో ఎన్‌చాంట్‌కీ ఇన్‌స్పైర్‌కీ తేడా 775. ఈ ఒక్క లెక్కతో అంత తరచుగా వెళ్ళే ఇంట్లో ఒక్కరు ఇన్‌స్పైర్ తీసుకుని మిగతావాళ్ళు తక్కువ కీ తీసుకుంటే చాలు, కారు ఒకటే కదా. ఈ కిటుకు నేను ఎంతమందికి చెప్పానో!

అనాహైమ్_సత్య:
ఇది మాత్రం ఒప్పుకుంటాను మాస్టారూ, మంచి కిటుకు. కానీ ఇన్‌స్పైర్ ఉన్న మనిషి ప్రతిసారీ కారులో ఉండాలి, అది కూడా చెప్పండి.

ఇర్వైన్_అమ్మ:
చాలా థాంక్స్ అందరికీ. కానీ అత్తయ్యగారు, మామయ్యగారి సంగతి ఎవరూ చెప్పలేదు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేరు. అలాగని అందరం వెళ్ళి ఆయన్ని ఇంట్లో వదిలేయడం మాకు కుదరదు.

సెరిటోస్_రాధక్క:
నేను చెప్తానమ్మా. మా అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాం, పాస్ మాత్రం తీసుకోలేదు. చాలాసార్లు సంవత్సరం మొదట్లో దక్షిణ కాలిఫోర్నియా వాళ్ళకి మూడు రోజుల టికెట్ తక్కువ ధరకి పెడుతుంటారు, జిప్ కోడ్ 90000 నుంచి 93599 మధ్య ఉండాలి, ఇర్వైన్ అందులోనే. అందులో స్థానికుల అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, మీవాళ్ళు విజిటర్లు కాబట్టి వాళ్ళకి వర్తిస్తుందో లేదో కొనేముందే కనుక్కోండి. వర్తించకపోతే మామూలు మూడు రోజుల టికెట్ తీసుకోండి, అదీ పాస్ కంటే చాలా తక్కువే. గేటు దగ్గర వీల్‌చెయిర్ అద్దెకి ఇస్తారు, మొదట్లో మా నాన్న ‘నేనేమైనా రోగినా’ అని కోప్పడ్డారు, తర్వాత దిగనన్నారు. పెద్దవాళ్ళకి పడవ, ట్రైన్, స్మాల్ వరల్డ్, రాత్రి బాణసంచా చాలు. జనవరి, ఫిబ్రవరిలో డిస్నీలాండ్ పక్కనే ఉన్న రెండో పార్కు, కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో లూనార్ న్యూ ఇయర్ జరుపుతారు, అది చూపించండి. దీపావళి డాన్సులు నవంబర్, డిసెంబర్‌లో ఫెస్టివల్ ఆఫ్ హాలిడేస్‌లో ఉంటాయి, మీవాళ్ళకి ఈసారి అందవు.

టస్టిన్_టీచర్:
రాధక్కా, మంచి జవాబు. ఇలాంటివి కదా చెప్పాల్సింది, గేటు దగ్గర వయసు దాచడం కాదు.

ఆర్టీషియా_బాబాయి:
మళ్ళీ మొదలుపెట్టారా.

హైదరాబాద్_వినయ్:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. రావిర్యాల వండర్‌లాకి ఓఆర్ఆర్ మీద ఇంటి నుంచి వెళ్ళి రావడానికే మాకు సగం రోజు పోతుంది. పిల్లలు ఏడ్చి గోల చేస్తే ఏడాదికి ఒకసారి. పాస్ ఎంత చవకైనా ఊరు దాటి వెళ్ళాల్సిన పార్కుకి పనికిరాదు. మీ ఇర్వైన్ నుంచి డిస్నీలాండ్ ఉన్న అనాహైమ్ ఎంతసేపు?

అనాహైమ్_సత్య:
ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు చాలు. సాయంత్రం ఐదింటికి ఐ-5 మీద మాత్రం దాని ఇష్టం. వినయ్ గారు చెప్పింది నిజం, నేను ఎన్‌చాంట్ తీసుకోమన్నది కూడా ఆ ఇరవై నిమిషాలు చూసే.

ఇర్వైన్_అమ్మ:
బాబుని కొలిచాం, 47 అంగుళాలు. పాపకి మార్చిలో చూస్తాం. ఒక చిన్న ప్రశ్న, పాప ఎక్కలేని రైడ్ దగ్గర మేమిద్దరం బాబుతో ఎలా ఎక్కాలి? ఇద్దరం వేరువేరుగా రెండుసార్లు లైన్లో నిలబడాలా?

సెరిటోస్_రాధక్క:
అక్కర్లేదమ్మా, రైడర్ స్విచ్ అని అడగండి. లైన్ మొదట్లో ఉన్న పార్కు స్టాఫ్‌కి పాపని చూపించి చెప్తే చాలు. మీ ఆయన బాబుతో ఎక్కి వచ్చాక పాపని ఆయన పట్టుకుంటారు, మీరు పెద్ద లైన్ లేకుండా వెళ్ళొచ్చు, సాధారణంగా బాబుని మళ్ళీ మీతో రానిస్తారు. ఆ ఒక్క అంగుళం పెరిగేదాకా ఇన్‌క్రెడికోస్టర్ వైపు మాత్రం తీసుకెళ్ళకండి, గొడవ చేస్తాడు.