డిసౌజా ఇంటిపేరు ఎక్కడిది?

బరంపురం కుర్రాడు: మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన మంగళూరు సార్ ఇంటిపేరు డిసౌజా. బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకీ అదే పేరు చూశా. వీళ్లంతా చుట్టాలా ఏంటి?

రాయగడ మాస్టారు: చుట్టరికమేం లేదు బాబూ. ఉత్తర పోర్చుగల్‌లో డౌరో నదిలో కలిసే సౌజా అనే నది ఉంది, ఆ చుట్టుపక్కల ప్రభువుల కుటుంబానికి మొదట ఆ పేరొచ్చింది. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి పోయాక, క్రైస్తవంలో చేరినవాళ్లకి బాప్టిజమప్పుడు పాదిరీదో, జ్ఞానతండ్రిదో ఇంటిపేరు పెట్టేసేవారు. తర్వాత గోవా నుంచి వలసపోయినవాళ్లతో మంగళూరు చేరింది.

పర్లాకిమిడి: బ్రెజిల్‌కి మొదటి గవర్నర్ జనరల్, 1549లో వెళ్లిన తోమె డి సౌజా. అంతకుముందే 1532లో అక్కడ సావో విసెంతె అనే ఊరు స్థాపించిన మార్తిం అఫోన్సో డి సౌజా, 1542లో గవర్నర్‌గా గోవాకే వచ్చాడు!

బరంపురం కుర్రాడు: థాంక్స్ మాస్టారూ, రేపు సార్‌ని కదుపుతా.