ఇన్‌హేలర్ అలవాటైపోతుందని అత్తయ్య భయం, ఎలా ఒప్పించాలి?

మా పాపకు ఏడేళ్లు, ఆస్తమా. బుడెసొనైడ్ ఇన్‌హేలర్ స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) రోజూ రెండుపూటలా, ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ వాడమన్నారు డాక్టర్. రోజూ వాడేది ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించడానికట. మందు నేరుగా అక్కడికే వెళ్తుంది కాబట్టి మైక్రోగ్రాముల్లోనే సరిపోతుందట. నాకు అర్థమైంది. అత్తయ్య మాత్రం "మొదలుపెడితే జీవితాంతం వదలదు" అంటూ నేను ఆఫీసులో ఉన్నప్పుడు సాయంత్రం డోసు మాన్పించేస్తున్నారు. మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేయిద్దాం, అప్పటిదాకా ఆగమంటారు.

ఆవిడకు పాపంటే ప్రాణం. అందుకే గట్టిగా అనలేకపోతున్నాను. కానీ పోయినవారం రాత్రంతా పాప పడుకోలేక కూర్చునే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. చాలా భయమేసింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లను ఎలా ఒప్పించారు? డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్తే వింటారా? స్కూల్లో సాల్బుటమాల్ ఎవరి దగ్గర ఉంచుతున్నారు? దయచేసి చెప్పండి.