ఇటాలియన్ సమాస పదాల్లో విరుపు ఎక్కడ, ఊనిక ఎక్కడ?

బ్రాడీపేట_గుంటూరు:
ఇటాలియన్ బీ1 పరీక్షకి చదువుతున్నా. రెండు పదాలు అతికిన నామవాచకాల దగ్గరే తేడా కొడుతోంది. లైను చివర చోటు చాలకపోతే ఔతొస్త్రాద (ఎక్స్‌ప్రెస్‌వే)ని తొస్-త్రా అని విరవాలా, తొ-స్త్రా అనా? ఇంకోటి: కచ్చవీతె (స్క్రూడ్రైవర్)లో ఊనిక (నొక్కి పలికే చోటు) ‘వీ’ మీద, అంటే చివరి నుంచి రెండో అక్షరం. పొర్తచేనెరె (యాష్‌ట్రే)లో మాత్రం మూడోది. రెండూ క్రియ, నామవాచకం కలిసినవే కదండీ, ఎందుకిలా?

బెజవాడ_భాషలు:
విరిచేటప్పుడు అది సమాసమన్న సంగతే మర్చిపోండి. ‘స్’ తర్వాత హల్లు ఉంటే రెండూ కలిసే కింది లైనుకి పోతాయి: ఔ-తొ-స్త్రా-ద. ద్విత్వం మధ్యకి విరుగుతుంది: కచ్-చ-వీ-తె. ల, మ, న, ర తర్వాత వేరే హల్లు వస్తే ఆ మధ్యన: పొర్-త-చే-నె-రె. త్ర, ప్ర, బ్ర లాంటి జంటల్ని విడదీయకూడదు. ఉపసర్గ ఉన్న మాటల్లో కొంత వెసులుబాటు ఉంది. మలిన్తేసొ (అపార్థం)ని మ-లిన్ అని విరిచినా, మల్-ఇన్ అని విరిచినా ఒప్పే.

కృష్ణలంక_కుర్రాడు:
ఊనిక రెండో పదానిదే. విడిగా ఎక్కడ పడుతుందో సమాసంలోనూ అక్కడే. వీతె (మర)కి ‘వీ’ మీద, చేనెరె (బూడిద)కి ‘చే’ మీద. అస్పిరపొల్వెరె (వాక్యూమ్ క్లీనర్)లో పొల్వెరె అంటే దుమ్ము, ఊనిక ‘పొల్’ మీద. కాబట్టి నిఘంటువులో చూడాల్సింది రెండో సగాన్ని. చివరి నుంచి రెండో అక్షరం హల్లుతో మూసుకుంటే చూడకుండానే దాదాపు చెప్పేయొచ్చు, ఊనిక దాని మీదే: పొర్-త-ఒమ్-బ్రెల్-లి (గొడుగుల స్టాండు). తారంతొ ఊరి పేరు లాంటివి తప్పించుకుంటాయి, ఊనిక ‘తా’ మీద.

గ్రీకు మూలం మాటలకి ఈ లెక్క పనికిరాదు. విడిగా మేత్రొలో ‘మే’ మీద ఉన్నది, తెర్మోమెత్రొ (థర్మామీటర్)లో ‘మో’ మీదకి జరుగుతుంది.

మొదటి సగానికి చిన్న ఊనిక మిగులుతుంది గానీ సాగదీయకండి. “కాచ్చా వీతే” అంటే రెండు వేరే మాటల్లా వినిపిస్తుంది. మనవాళ్లకి చివరి అచ్చుని లాగే అలవాటు కూడా ఉంది, పిజ్జా అన్నట్టు. అదీ వద్దు.

బెజవాడ_భాషలు:
ఒక సవరణ. పైన అందరం ఊనికని దీర్ఘంతో చూపిస్తున్నాం. అక్షరం అచ్చుతో ముగిసి, పదం చివరిది కానప్పుడే అది చెల్లుతుంది. ‘స్త’ ముందు చెల్లదు. పస్తలో ఊనిక ‘ప’ మీదే, అయినా హ్రస్వం. మన మెనూ కార్డుల్లో ‘పాస్తా’కి రెండు దీర్ఘాలూ ఎక్కువే! అంటే రాతలో ‘స్’ కింది లైనుకి పోయినా, నోట్లో ముందు అక్షరానికే అంటుకుంటుంది. బ్రాడీపేట గారికి తొస్-త్రా అనిపించింది ఇందుకే. చెవి ప్రకారం అది సరైనదే, పరీక్ష పేపరు మీద మాత్రం తొ-స్త్రా.

పదం చివర ఊనిక పడినా హ్రస్వమే, రాతలో ఆ అచ్చు మీద ఊనిక గుర్తు (చిన్న ఏటవాలు గీత) తప్పనిసరి: విచెరె (రాజప్రతినిధి). విడిగా రాసే త్రె (మూడు)కి గుర్తు ఉండదు, వెంతిత్రె (23)లో ఉండాలి. ఇది చాలామంది వదిలేస్తారు.