ఉన్న రెండు రోజులూ మాంచెస్టర్ మిల్లులకేనా?

గోదారి గట్టు:
లండన్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చాం, నేనూ మా ఆవిడా. తిరుగు ప్రయాణం లోపు రెండు రోజులు మా ఇద్దరికే మిగిలాయి. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి రిటైరైన వాణ్ణి, ఒకప్పుడు నూలు మిల్లులకి పేరుమోసిన మాంచెస్టర్ చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఆవిడేమో సరస్సులూ కొండలూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ అంటోంది. "జీవితమంతా మీ చొక్కాల మీద దూది దులిపాను, ఇక్కడికొచ్చి కూడా మిల్లేనా" అని ఒకటే పోరు. లండన్‌లోని యూస్టన్ స్టేషన్ నుంచి మాంచెస్టర్‌కి రైల్లో రెండు గంటల పైచిలుకే. చూసినవాళ్ళు చెప్పండి, వెళ్ళదగ్గ ఊరేనా, దండగా?

యార్క్‌షైర్ కోడలు:
ఆంటీ మాటే నా మాట. ఎర్ర ఇటుక గోడలు, వాన, ట్రాములు. ఫుట్‌బాల్ పిచ్చి లేకపోతే ఒక్క పూట చాలు. పాత ఊరే కావాలంటే యార్క్ రండి, కోటగోడ మీద నడుస్తూ హాయిగా చూడొచ్చు.

పోందూరు పడుగు:
దండగ సంగతి తర్వాత. మనం టికెట్ కొనుక్కుని మరీ చూడాల్సిన చోటా అది? మచిలీపట్నం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డకి ఇంగ్లండులో ఎంత గిరాకీ ఉండేదో చదవండి. దాంతో పోటీపడలేక, అలాంటి గుడ్డ దిగుమతి చేసుకోకూడదని 1700లో, అసలు కట్టుకోనే కూడదని 1721లో చట్టాలు చేశారు. ఆ చట్టాల చాటున పెరిగిన పరిశ్రమే తర్వాత మన సంతల మీద పడింది. మగ్గాలు మూలపడ్డాయి. మాది నేత కుటుంబం. ఆ మిల్లు ముందు నిలబడి సెల్ఫీ దిగడం నాకైతే మింగుడుపడదు.

మాంచెస్టర్ మావయ్య:
పడుగు గారూ, మీరు చెప్పిన చరిత్రలో కాదనడానికేం లేదు. కానీ చూడ్డమంటే దణ్ణం పెట్టడం కాదు కదండీ. ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ నేను ముందు క్వారీ బ్యాంక్ మిల్లుకే తీసుకెళ్తాను. ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో స్టయల్ అనే పల్లెలో ఉంది, 1784లో శామ్యూల్ గ్రెగ్ పెట్టింది. మగ్గాలు నడిపి చూపిస్తారు. కొన్నే నడిపినా పక్కమనిషి మాట వినపడదు. షెడ్డు నిండా నడిచిన రోజుల్లో కూలీలు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారు. స్పిన్నింగ్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రం ముందుకీ వెనక్కీ కదులుతుంటే దాని కిందికి పిల్లలు దూరి రాలిన దూది ఊడ్చేవారు. ఆ పిల్లల్లో చాలామంది వర్క్‌హౌస్‌లనే పేదల ఆశ్రమాల నుంచి తెచ్చినవాళ్ళు. వాళ్ళు పడుకున్న ఇల్లు 1790 నాటిది, ఇప్పటికీ ఉంది. గట్టు గారూ, మిల్లులో పనిచేసినవారు, మీకు అక్కడ ఇంకొకరు వివరించక్కర్లేదు.

ఊళ్ళోకి వస్తే రాయల్ ఎక్స్ఛేంజ్. పత్తి బేరాలన్నీ జరిగిన పెద్ద హాలు అది. 1968లో బేరాలు ఆగిపోయాయి. ఆ ఆఖరి రోజు ధరలు ఇప్పటికీ గోడ మీద ఎత్తున బోర్డులో అలాగే ఉన్నాయి. హాలు మధ్యలో ఇనుము, గాజుతో కట్టిన థియేటర్. దాని బరువు నేల మొయ్యలేదని స్తంభాలకి వేలాడదీశారు. ఆ బోర్డు కింద నిలబడి చూస్తే మీ కోపానికీ కొంత ఊరట దొరుకుతుంది, పడుగు గారూ. లోకానికి గుడ్డ అమ్మిన ఊరి దుకాణం మూతపడ్డ రోజు అది.

ఇంకో మాట. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికొచ్చిన గాంధీ ఇక్కడి మిల్లుల ప్రాంతం లాంకషైర్‌లోని డార్వెన్ వెళ్ళారు. విదేశీ గుడ్డ బహిష్కరణ వల్ల పనులు పోయాయని అక్కడి మిల్లు కూలీల బాధ. ఇండియాలో ఏడాదిలో సగం రోజులు పనిలేనివాళ్ళు కోట్లమంది ఉన్నారని ఆయన వాళ్ళకే చెప్పారు. అయినా మిల్లు కూలీలు ఆయన్ని చుట్టుముట్టి జేజేలు కొట్టిన ఫోటో మీరు చూసే ఉంటారు.

పోందూరు పడుగు:
ఫోటో చూశాను. కూలీల మీద నాకు కోపం లేదు. 1819లో మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో ఓటుహక్కు అడిగిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలించిన పాలకులే కదా మనల్నీ ఏలింది. నా గొడవ ఆ పాత మిల్లులకి పూసే 'వారసత్వం' అనే మెరుగు మీద. మీరు చెప్పిన గ్రెగ్ కుటుంబానికి కరీబియన్ దీవి డొమినికాలో బానిసలతో నడిచిన తోట ఉండేదని మీరెందుకు రాయలేదు? మాంచెస్టర్‌లోనే యాంకోట్స్ పేటలో మర్రీ మిల్లులు ఖరీదైన ఫ్లాట్లయ్యాయి. ఇటుక గోడ కనిపిస్తే చాలు, అద్దె పెరుగుతుంది.

మాంచెస్టర్ మావయ్య:
రాయాల్సింది, ఒప్పుకుంటా. కానీ ఆ తోట సంగతి మిల్లువాళ్ళేమీ దాచడం లేదు. ఫ్లాట్ల మాటకొస్తే, కూల్చేస్తే మీకు మేలా?

యార్క్‌షైర్ కోడలు:
ఇద్దరూ మంచి చర్చే పెట్టారు గానీ, పాపం ఆంటీ ఎక్కడికెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.

గోదారి గట్టు:
నేను ఆవిణ్ణి, ఆయన ఫోన్‌లోంచి రాస్తున్నాను. అన్నీ చదివాను. ఆ పిల్లలు పడుకున్న ఇల్లు చూడాలనుంది. మిషన్ల దగ్గర మాత్రం నిలబడలేను, ఆ మోత మాకు కొత్తేం కాదు. ఆయన లోపలుంటే నాకు బయట కూర్చునే చోటుందా? నాకు కూడా నచ్చేది ఊళ్ళో ఇంకేదైనా ఉంటే చెప్పండి.

మాంచెస్టర్ మావయ్య:
క్వారీ బ్యాంక్‌లో మంచి తోట ఉందమ్మా, పక్కనే ఏరు. మిల్లుకి టికెట్ ఉంటుంది. ఊళ్ళో డీన్స్‌గేట్ మీద జాన్ రైలాండ్స్ లైబ్రరీకి రండి, ప్రవేశం ఉచితం. బయటి నుంచి చర్చి అనుకుంటారు. భర్త పోయాక ఆయన పేరున ఎన్రిక్వెటా రైలాండ్స్ కట్టించింది, 1900 జనవరి 1న జనానికి తెరిచారు. రెండో రోజు పొద్దున్నే రైలెక్కితే సుమారు రెండు గంటల్లో మీరు కోరిన లేక్ డిస్ట్రిక్ట్‌లో విండర్మియర్ చేరతారు, సరస్సు అక్కడికి దగ్గరే.

పోందూరు పడుగు:
ఆ రైలాండ్స్ కూడా గుడ్డల వ్యాపారే, గుర్తుంచుకోండి.

గోదారి గట్టు:
మళ్ళీ నేనే. ఈయన పేరున లైబ్రరీ కట్టించాలంటే నాకు పీఎఫ్ డబ్బులు చాలవు. అయినా చూసొస్తాం, సరస్సుతో కలిపి.

పోందూరు పడుగు:
సరే అమ్మా, వెళ్ళిరండి. మిల్లు షాపులో తువ్వాలు ముచ్చటగా కనిపిస్తే మాత్రం కొనకండి. మీ ఊరి అడ్రస్ మెసేజ్ పెట్టండి, వాలుగ చేప దవడతో ఏకిన పత్తి నూలుతో నేసింది, మా ఊరి నుంచి నేను పంపిస్తాను.