పెద్ద కెమికల్ మెకానిజాన్ని కుదించేటప్పుడు ఏది తీసేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు?

గాలివాటు:
మాస్టర్ కెమికల్ మెకానిజం (గాలిలో జరిగే రసాయన చర్యల పెద్ద జాబితా) నా బాక్స్ మోడల్‌లో, అంటే గాలినంతా ఒకే పెట్టెగా చూసే మోడల్‌లో, బాగానే నడుస్తోంది. దాదాపు 5,800 పదార్థాలు, 17,000 చర్యలు ఉన్నా, ఒక్క బాక్సే కాబట్టి ఇబ్బంది లేదు. దీన్నే లక్షల గడులున్న త్రీడీ గ్రిడ్‌లో పెట్టాలంటే అయ్యే పని కాదు. నాకు ప్రధానంగా కావాల్సింది ఓజోన్. ఒక హద్దు పెట్టుకుని, అంతకన్నా గాఢత తక్కువున్న పదార్థాలన్నీ ఏరేద్దామనుకుంటున్నాను. ఈ పని చేసినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో చెప్పగలరా?

రాడికల్‌పూల్:
గాఢత చూసి మాత్రం ఏరకండి. పగటిపూట ఓహెచ్ (గాలిలోని వాయువుల్ని ఆక్సీకరించే రాడికల్) ఘన సెంటీమీటరుకు పది లక్షల అణువుల స్థాయిలో ఉంటుంది. ఓజోన్ 50 పీపీబీ (వంద కోట్లలో 50 వంతులు) ఉంటే లక్ష కోట్లు దాటుతుంది. మీ హద్దుకు మొట్టమొదట బలయ్యేది ఓహెచ్చే. అది పోతే వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే సేంద్రియ పదార్థాలు) ఆక్సీకరణ చెందవు, ఓజోనూ తయారవదు.

ఒక పదార్థం గుండా ఎంత సరుకు నడుస్తోందో చూసుకోవాలి. డైరెక్టెడ్ రిలేషన్ గ్రాఫ్ చేసేది ఆ పనే. ఓజోన్, నాక్స్ (ఎన్ఓ, ఎన్ఓ2 కలిపి), ఓహెచ్ లాంటి మీకు కావాల్సినవాటితో మొదలుపెట్టి, వాటి పుట్టుక, నాశనం రేట్లలో దేని వాటా ఎంతో లెక్కగడుతూ గొలుసులో వెనక్కి పోతుంది. వాటా తేలనివి రాలిపోతాయి. 2005లో దహన రసాయనం కోసం వచ్చిన పద్ధతి ఇది, వాతావరణానికీ పనికొస్తుంది.

చలిగాలి:
పైన చెప్పింది నిజమే కానీ, ఆ వాటాలు ఏ పరిస్థితుల్లో లెక్కగట్టారన్నది అంతకంటే ముఖ్యం. పాన్ సంగతే తీసుకోండి, అదే పెరాక్సీ ఎసిటైల్ నైట్రేట్. 25 డిగ్రీల దగ్గర అది గంటలోపే విడిపోయి ఎన్ఓ2ని తిరిగి ఇచ్చేస్తుంది. నేలమట్టపు వేడి బాక్స్‌లో చూస్తే, పుట్టడం విరగడం సరిసమానంగా కనబడి, నికరంగా ఏమీ చేయనట్టే ఉంటుంది. సున్నా డిగ్రీలకు దిగితే ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. మైనస్ 20 దగ్గరైతే నెలల తరబడి. నగరంలో పుట్టిన నాక్స్ పై పొరల చలిలో పాన్ రూపంలో వందల మైళ్లు ప్రయాణించి, గాలి కిందికి దిగి వేడెక్కాక మళ్లీ బయటపడుతుంది. బాక్స్‌ను చూసి పాన్‌ను తీసేస్తే మీ నగరంలో ఓజోన్ చక్కగా సరిపోతుంది, దూరప్రాంతాల్లో మాత్రం దెబ్బతింటుంది. కాబట్టి కుదింపుకు వాడే కేసుల్లో చల్లటి పై పొర ఒకటి, నాక్స్ బాగా తక్కువున్న అడవి గాలి ఒకటి తప్పక పెట్టండి.

రాత్రిచర్య:
రాత్రిని కూడా. పగలు ఎన్ఓ3 రాడికల్‌ను వెలుతురు సెకన్లలో విరగ్గొట్టేస్తుంది కాబట్టి, మధ్యాహ్నపు లెక్కల్లో దాని చర్యలన్నీ దండగగానే కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఎన్ఓ3, ఎన్2ఓ5 దారిలోనే బోలెడంత నాక్స్ నైట్రిక్ ఆమ్లంగా మారిపోతుంది. ఆ దారి మూసేస్తే తెల్లారేసరికి ఎన్ఓ2 ఎక్కువగా మిగిలి, మర్నాటి ఓజోన్ తప్పుతుంది. ఒక్క పగలు మాత్రమే నడిపి ఆపేసే పరీక్షలో ఇది బయటపడదు. వరసగా కొన్ని రోజులు నడపాలి.

గుత్తి:
అసలు సొంతంగా కుదించాల్సిన అవసరం ఉందా అని నా ప్రశ్న. ఓజోనే కావాలంటే ముందే కుదించిన మెకానిజాలు సీబీ6, సాప్రాక్, ఆర్ఏసీఎం2 ఉన్నాయి. మాస్టర్ మెకానిజానికి దగ్గరగా ఉండాలంటే దాని ఆధారంగానే కుదించిన సీఆర్ఐ ఉంది. దాని ఊహ నాకు చాలా నచ్చుతుంది: అణువులో తెగగలిగే కార్బన్-కార్బన్, కార్బన్-హైడ్రోజన్ బంధాలు ఎన్నో చూసి, అది ఎంత ఓజోన్ పుట్టించగలదో అంచనా కట్టి, సమానమైనవాటిని ఒకే ప్రతినిధి కింద చేరుస్తుంది.

ఒకవేళ కార్బన్ బాండ్ (సీబీ) కుటుంబాన్నే తీసుకుని ఇంకా కుదించాలనుకుంటే ఒక చిక్కుంది. అందులోని సీబీ05లో పార్ (ఏకబంధాలున్న కార్బన్‌కు ప్రతినిధి), ఓహెచ్‌ల చర్యకు కుడివైపున మైనస్ 0.11 పార్ ఉంటుంది. ఉత్పత్తుల గుణకాలన్నీ ధనమే అనుకుని రాసిన గ్రాఫ్ ప్రోగ్రాములు ఇక్కడ తప్పు వాటాలు ఇస్తాయి. ముందే చూసుకోండి.

రాడికల్‌పూల్:
గుత్తి గారూ, రెడీమేడ్‌వి మంచివే. కానీ పాత మెకానిజాలు చాలావరకు నాక్స్ ఎక్కువున్న నగరాల పొగను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. నాక్స్ తక్కువున్న చోట ఐసోప్రీన్ ఆక్సీకరణలో ఓహెచ్ తిరిగి పుట్టే దారులు వాటిలో సరిగ్గా లేవు. అడవుల మీద పని చేసేవాళ్లు ఆ భాగం కొత్తదో కాదో చూసి తీసుకోవాలి.

రోజెన్‌బ్రాక్:
కుదించడానికి ముందు ప్రొఫైలర్ నడపండి, టైమ్ ఎక్కడ పోతోందో తెలుస్తుంది. ఓహెచ్ ఆయుష్షు సెకను, ఇంకా తక్కువ. మీథేన్‌ది దాదాపు పదేళ్లు. ఈ అంతరం వల్లే సిస్టమ్ స్టిఫ్‌గా మారి సాల్వర్ చిన్న చిన్న అడుగులు వేయాల్సి వస్తుంది. కేపీపీతో (మెకానిజం నుంచి కోడ్ రాసిపెట్టే ప్రోగ్రాం) కోడ్ పుట్టించి, స్టిఫ్ సమీకరణాలకు పనికొచ్చే రోజెన్‌బ్రాక్ సాల్వర్ వాడితే చాలా బరువు అక్కడే తగ్గుతుంది. ఓహెచ్, హెచ్ఓ2 లాంటి క్షణికమైనవాటిని రవాణా జాబితాలోంచి తీసేయండి. పక్క గడికి చేరేలోపే అవి అయిపోతాయి. మెకానిజంలో మాత్రం ఉండనివ్వండి.

గాలివాటు:
న్యూరల్ నెట్‌కు మెకానిజాన్ని నేర్పించి, సాల్వర్ బదులు దాన్నే పెట్టడం ఎవరైనా చూశారా?

చలిగాలి:
చూశాం. ఒక్క అడుగు వరకు అద్భుతంగా ఉంటుంది. దాని జవాబునే మళ్లీ దానికి ఇస్తూ పోతే చిన్న తప్పులు పోగై, మోడల్ రోజుల వ్యవధిలో దారి తప్పుతుంది. పరమాణువుల లెక్క తప్పకుండా నెట్‌ను కట్టినప్పుడు కాస్త నిలబడింది.

రాత్రిచర్య:
ఆ లెక్క చేత్తో కుదించినా తప్పుతుంది. ఉద్గారాలు, నిక్షేపణ (పదార్థాలు నేలమీదికి దిగిపోవడం) రెండూ ఆపి బాక్స్‌ను మూసేయండి. ప్రతి పదార్థంలో ఉన్న నత్రజని కలిపి గ్రాఫ్ గీయండి. గీత బల్లపరుపుగా రావాలి. కిందికి జారుతుంటే మీరు తీసేసిన ఏదో ఆర్గానిక్ నైట్రేట్‌తో పాటు నాక్స్ కూడా మాయమవుతున్నట్టే. ఆ నైట్రేట్లన్నిటికీ కలిపి ఒక్క ఉమ్మడి పదార్థం పెట్టినా గీత నిలబడుతుంది.

గాలివాటు:
సరేనండి. చలి పొర, అడవి, రాత్రి, నగరం: నాలుగు కేసులతో గ్రాఫ్ పద్ధతి నడిపి, ప్రతి కుదింపుకూ నత్రజని గీత చూస్తాను. రేపు ఎవరైనా సేంద్రియ ఏరోసాల్ (గాలిలో తేలే సేంద్రియ కణాలు) కూడా కావాలంటే ఇదే మెకానిజం సరిపోతుందా?

రాడికల్‌పూల్:
సరిపోదు. ఏరోసాల్‌కు ఆవిరి పీడనం తక్కువున్న, చివరి తరం ఉత్పత్తులు కావాలి. ఓజోన్ లెక్కలో మొదట రాలిపోయేవి అవే. ఆ ఉత్పత్తుల్ని కూడా గ్రాఫ్‌లో లక్ష్యాలుగా చేర్చి, కుదింపు మళ్లీ మొదటి నుంచి చేయాలి.