సమస్యాపూరణం: “అయ్య లంగ కట్టి హద్దు దాటె”

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఇచ్చాను. ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. యతి తప్పిందని ఎవరూ కంగారు పడొద్దు, అకారానికి హకారంతో మైత్రి ఉంది.

షరతు ఒకటే. కథ స్కాట్లండ్‌లో జరగాలి: వేసవి సెలవులు, కిల్టు (అక్కడి మగవాళ్ళు కట్టే లంగాలాంటి గళ్ళబట్ట) కట్టే కుటుంబం, కారు, ఇంగ్లండ్ సరిహద్దు. ఆ దేశం చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఈ రెండు రాజ్యాల మధ్య గీత 1237 నాటి యార్క్ ఒప్పందంతో చాలావరకు ఖాయమైంది. పొడవు 96 మైళ్ళు. ఇప్పుడు అక్కడ గేటు లేదు, పోలీసు లేడు, పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. పడమటి వైపు గ్రెట్నా దగ్గర మోటారు దారి, నడిమధ్య కార్టర్ బార్ కనుమ, తూర్పున బెర్విక్ పట్నం ఎగువన మరో పెద్ద రోడ్డు. స్కాట్లండ్ బడులకు జూన్ చివర్లోనే సెలవులిస్తారు, ఇంగ్లండ్‌లో జూలై మూడో వారం దాటాలి. అందుకని జూలై మొదట్లో దక్షిణానికి దిగే స్కాటిష్ కుటుంబాలకు బీచ్‌లు ఖాళీగా దొరుకుతాయి.

కిల్టు అన్న మాట ఒకటి పడేస్తే సమస్య సగం విడిపోతుంది. అసలు చిక్కు “హద్దు”లో ఉంది. దాటింది రోడ్డు మీది గీతా, మర్యాదా, చట్టమా? నా మార్కులన్నీ అక్కడే.

తెనాలి మాష్టారు:
బోణీ నాది.

స్కాటులాండు వీడి కారులో సంసార
మంత కలిసి పోవ మండుటెండ
గళ్ళబట్ట తొడిగి ఘనముగా నవ్వుచు
నయ్య లంగ కట్టి హద్దు దాటె

ఎడిన్‌బరో కోడలు:
నమస్కారం మాష్టారూ. ధార బాగుంది, మొదటి పాదంలో ‘స్కా’కి ‘కా’తో యతి వేసిన తీరు ముచ్చటగా ఉంది. కానీ మండుటెండ ఎక్కడిదండీ? ఇక్కడ జూలైలో పగటి వేడి 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. కారు వెనక సీటులో ఎప్పుడూ నాలుగు వానకోట్లు పడి ఉంటాయి.

తెనాలి మాష్టారు:
2022 జూలై 19న సరిహద్దు పక్కనే ఉన్న చార్టర్‌హాల్‌లో 34.8 డిగ్రీలు కాసింది తల్లీ. స్కాట్లండ్ రికార్డు అది. నా అయ్య ఆ రోజే బయల్దేరాడు.

కర్నూలు పెద్దాయన:
34.8కే మండుటెండ అంటే మా ఊరివాళ్ళు నవ్వుతారు మాష్టారూ. ఎండ సంగతి అటుంచండి. గళ్ళబట్ట తొడిగి అన్నారు, మళ్ళీ లంగ కట్టి అన్నారు. రెండూ ఒకటే బట్ట కదా! ఒక పాదం వృథా అయింది. ఆ పాదంలో హద్దు ముచ్చట చెప్పాల్సింది.

నిర్వాహకుడు:
పెద్దాయన మాటే నా మాట. కుటుంబం ఉంది, కారు ఉంది, సమస్య ఎక్కడిదక్కడే ఉంది.

ఈసీఈ కుర్రాడు:
ఫస్ట్ టైమ్ రాస్తున్నా. తప్పులుంటే చెప్పండి సార్, టెన్షన్‌గా ఉంది.

బ్లాకుపూలు వెళ్ళు బండిలో నందరు
పాటలు పాడుతూ బయలుదేర
వేడి చిప్సు తినుచు వీధిలో తిరుగుచు
నయ్య లంగ కట్టి హద్దు దాటె

తెనాలి మాష్టారు:
నాయనా, ఒకటి మూడు పాదాలు లక్షణంగా ఉన్నాయి. రెండో పాదంలో గణం తప్పింది. ‘పాట’ దగ్గర సూర్యగణం అయిపోయింది, ‘లు’ మిగిలిపోయింది. “పాట పాడుకొనుచు బయలుదేర” అను. పాట, పాడు, కొనుచు, బయలు, దేర: అయిదూ సూర్యగణాలే. పా–బ యతి కూడా నిలుస్తుంది.

ఎడిన్‌బరో కోడలు:
తమ్ముడూ, బ్లాక్‌పూల్ పట్టుకోవడం మంచి ఆలోచన. గ్లాస్గోలో జూలై రెండో సగాన్ని ‘ఫెయిర్’ సెలవులంటారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలన్నీ మూసేసేవారు, జనం రైళ్ళ నిండా బ్లాక్‌పూల్‌కి దిగేవారు. ఇప్పటికీ అక్కడ గ్లాస్గో యాస బాగానే వినిపిస్తుంది. అయితే ఒక చిక్కుంది. బ్లాక్‌పూల్ ఇంగ్లండ్‌లో బాగా లోపలికి ఉంటుంది. మీ అయ్య అక్కడి వీధుల్లో చిప్స్ తింటూ తిరుగుతూనే సరిహద్దు ఎలా దాటాడు?

ఈసీఈ కుర్రాడు:
తిరుగు ప్రయాణం అనుకోండి అక్కా 😄

కర్నూలు పెద్దాయన:
‘తిరుగుచు’లో తిరుగు ప్రయాణం ఇరికించాడు. వీడు పైకొస్తాడు.

ఎడిన్‌బరో కోడలు:
నా ప్రయత్నం. మేము తరచూ ఆగే చోటు ఇది.

గాలి వీచు కొండ కార్టరు బారున
రాతి కొక్క వైపు రాజ్య మొకటి
పిల్ల ఫొటొను తీయ వెనుకకు జరుగుచు
నయ్య లంగ కట్టి హద్దు దాటె

కార్టర్ బార్ 418 మీటర్ల ఎత్తున ఉంటుంది. రోడ్డు పక్కన ఒక పెద్ద బండరాయి, దాని మీద ఒకవైపు స్కాట్లండ్ అని, రెండోవైపు ఇంగ్లండ్ అని రాసుంటుంది. కారు ఆపినవాళ్ళందరూ ఆ రాయి దగ్గర పిల్లల్ని నిలబెడతారు. మొత్తం ఫ్రేములోకి రావాలంటే తీసేవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి. ఆ నాలుగడుగుల్లో దేశం మారిపోతుంది.

నిర్వాహకుడు:
ఇదమ్మా పూరణ! సమస్యలో తిట్టులా వినిపించే “హద్దు దాటె” ఇక్కడ ఫొటో కోసం వెనక్కి జరిగిన తండ్రి పనైపోయింది. అందులో వింత ఏమీ మిగల్లేదు. సమస్య తీరడమంటే ఇదే.

తెనాలి మాష్టారు:
హద్దు తీరింది సరే, లంగ తీరలేదు. పద్యంలో కిల్టు ఊసే లేదు. స్కాట్లండ్ అని తెలియనివాడు చదివితే ఆ అయ్య లంగ ఎందుకు కట్టాడో అర్థం కాదు. మొదటి పాదం “గాలికెగురు కిల్టు కార్టరు బారున” అంటే? యతి చెదరదు.

ఎడిన్‌బరో కోడలు:
కిల్టు గాలికి ఎగరదండీ మాష్టారూ! సినిమా పోస్టర్లలో ఎగురుతుందేమో. మంచి కిల్టుకి ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. ముందు భాగం చదునుగా ఉంటుంది, మడతలన్నీ వెనక్కి కుట్టేస్తారు. కుడివైపు తోలు పట్టీలతో బిగిస్తారు, ముందు నడుము నుంచి స్పారన్ సంచి వేలాడుతుంది. అంత బరువు గుడ్డ గాలికి లేవాలంటే తుఫాను రావాలి. మా వారు కారులో కూర్చునే ముందు వెనక మడతలు చేత్తో సర్దుకుంటారు, అచ్చం మనం పట్టుచీర కుచ్చిళ్ళు నలగకుండా కూర్చున్నట్టే. లేకపోతే దిగేసరికి వెనకంతా ముడతలు.

మీ సూచన మాత్రం న్యాయమే. “గళ్ళ కిల్టు తోడ కార్టరు బారున” అని మారుస్తున్నా.

తెనాలి మాష్టారు:
గ–క యతి, గణాలు అన్నీ సరిపోయాయి. గాలి పోయినందుకు కొంచెం బెంగగా ఉంది.

కర్నూలు పెద్దాయన:
నేను రోడ్డు మీది హద్దు జోలికి పోలేదు.

కొండవారి బట్ట కూడదంచనె రాజు
చట్టమదియె నాడు చావుదెబ్బ
తాత గుర్తు రాగ దాచినదది తీసి
యయ్య లంగ కట్టి హద్దు దాటె

స్కాట్లండ్ కొండజాతుల తిరుగుబాటును రాజు సైన్యం అణచేసిన కలోడెన్ యుద్ధం 1746 ఏప్రిల్‌లో ముగిసింది. అదే ఏడాది లండన్ పార్లమెంటు కొండజాతుల దుస్తుల మీద నిషేధం తెచ్చింది, 1747 ఆగస్టు 1 నుంచి అమలు. మగవాడు కిల్టు కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రం అవతలికి. సైన్యంలో ఉన్నవాళ్ళకి మాత్రం మినహాయింపు. 1782లో గాని ఎత్తెయ్యలేదు. అన్నేళ్ళూ కిల్టు కట్టడమే హద్దు దాటడం.

నిర్వాహకుడు:
పద్యం ఒళ్ళు జలదరించేలా ఉంది. “దాచినదది తీసి” అనగానే అటక మీది పెట్టె కళ్ళముందు కదిలింది. ఇంకో ముక్క కలుపుతాను: 1822లో నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చి తానే కిల్టు కట్టాడు. కూడదన్న రాజుకు మునిమనవడు ఆయన. కానీ పెద్దాయనా, వేసవి సెలవులేవీ? కారేదీ? షరతు మీరు చూడలేదా, చూసీ దాటేశారా?

కర్నూలు పెద్దాయన:
చూసే దాటాను. సమస్యలో ఉన్నదే చేశాను.

న్యూకాజిల్ బావ:
కాస్త చరిత్ర నేనూ చెప్తాను. కిల్టు కొండవాళ్ళది, అంటే పైన హైలాండ్స్‌ది. ఈ సరిహద్దు ప్రాంతపు పల్లెల్లో ఆ కాలంలో అది మామూలు కట్టు కాదు. మీ రాయలసీమను ఏలిన మన్రో దొర పుట్టిన గ్లాస్గోలో కూడా కాదు. దేశమంతటికీ గుర్తుగా మారింది తర్వాతే. ఇప్పుడు మాత్రం ఏ మూల పెళ్ళైనా, రగ్బీ మ్యాచైనా కిల్టులే. నా పూరణ ఆ పెళ్ళి సందడి మీదే, కాకపోతే దారి తిరగేశాను. మనవాళ్ళే ఇంగ్లండ్ నుంచి పైకి వెళ్తున్నారు.

గ్రెట్న గ్రీను పెండ్లి, కిల్టులే దుస్తులు
వియ్యమందువారు వెంటపడగ
పంచెకట్టు మాని పట్టును సడలించి
యయ్య లంగ కట్టి హద్దు దాటె

ఎడిన్‌బరో కోడలు:
అన్నయ్యా, “పట్టును సడలించి” అదిరింది. పట్టుపంచె, మొండిపట్టు రెండూ ఒక్క దెబ్బకి సడలిపోయాయి. ఇది ఎక్కడో జరిగినట్టే ఉంది.

న్యూకాజిల్ బావ:
పేర్లు అడక్కండి. ఆ పెద్దమనిషి ఫొటోల్లో అందరికంటే బాగా నవ్వుతున్నాడు.

తెనాలి మాష్టారు:
గ్రెట్నాకే ఎందుకు పరిగెత్తుతారు బావగారూ?

న్యూకాజిల్ బావ:
ఇంగ్లండ్‌లో 1754 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఇరవయ్యొక్కేళ్ళు నిండనివాళ్ళకి పెద్దల అనుమతి లేకుండా పెళ్ళి కుదరదంది. స్కాట్లండ్‌లో ఆ పేచీ లేదు, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకుంటే చాలు. సరిహద్దు దాటగానే తగిలే ఊరు గ్రెట్నా, అక్కడి కమ్మరి దాగలి మీద సుత్తి దెబ్బే మంగళవాయిద్యం. 1856లో ఇరవయ్యొక్క రోజులు అక్కడ ఉండాలని మెలిక పెట్టారు. ఇప్పుడైతే కనీసం 29 రోజుల ముందు రిజిస్ట్రార్‌కి కాగితాలు అందాలి. పారిపోయే జంటకి అంత ఓపిక ఉండదు గాని, బంధువులకి టికెట్లు బుక్ చేసుకునే టైమ్ దొరుకుతుంది.

నిర్వాహకుడు:
పద్యం మీద ఒకే ఫిర్యాదు. “కట్టి దాటె” అన్నారు కాబట్టి ఇంటి దగ్గరే కట్టుకుని కారెక్కాలి. కొత్తగా కట్టినవాడు ఆ మడతలు సర్దుకుంటూ గంటన్నర కూర్చోవాలి పాపం.

పేరు లేని సభ్యుడు:
క్రమాలంకారంతో నాది.

నాన్న కేది మారునామము? పసిపాప
యెట్లు వచ్చె గుడికి? నేరు పొంగి
యేమి చేసె? ననుచు నెవరైన నడుగగ
నయ్య, లంగ కట్టి, హద్దు దాటె

తెనాలి మాష్టారు:
ముక్కలు చేసి మూడు జవాబులు చెప్పేశావు. శాస్త్రప్రకారం తప్పు పట్టడానికి లేదు.

నిర్వాహకుడు:
తప్పు లేదు, స్కాట్లండ్ కూడా లేదు. ఈ పూరణ ఏ సమస్యకైనా అతికిపోతుంది, నాకు నచ్చనిది అదే. పోటీలోకి తీసుకోవడం లేదు.

న్యూకాజిల్ బావ:
ఇంకొకటి రాస్తే అభ్యంతరమా?

ఎనుబదచట, నిచట నేబదియే, కాని
మందుచుక్క తాగి మరలి యింటి
దారి పట్టునపుడు దార వద్దన్నను
నయ్య లంగ కట్టి హద్దు దాటె

ఈసీఈ కుర్రాడు:
ఎనభై ఏంటి, యాభై ఏంటి సార్? స్పీడా?

న్యూకాజిల్ బావ:
స్పీడ్ కాదు తమ్ముడూ, రక్తం. తాగి నడిపేవాళ్ళకి ఇంగ్లండ్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్. స్కాట్లండ్‌లో 2014 డిసెంబరు నుంచి 50కి తగ్గించారు. సెలవులు ముగించుకుని ఇంటికి వెళ్తూ ఇంగ్లండ్ పబ్బులో తాగినవాడు 65 మీద ఉన్నాడనుకో. సరిహద్దుకి ఇవతల కేసు లేదు. అదే మనిషి, అదే రక్తం, రాయి దాటగానే నేరస్థుడు.

కర్నూలు పెద్దాయన:
ఆహా! ఒక హద్దు దాటడంతోనే రెండో హద్దూ దాటేశాడు. పైగా భార్య వద్దంటున్నా వినలేదు, మూడోదీ దాటాడు.

తెనాలి మాష్టారు:
నా ఓటు దీనికే.

ఎడిన్‌బరో కోడలు:
ఆలోచన గొప్పదే అన్నయ్యా. కానీ మీరు విడమరిచి చెప్పేదాకా నాకే తట్టలేదు, నేనుండేది ఇక్కడే! ఇందులోనూ కిల్టు రాలేదు. నాకు పెట్టిన వంక దీనికీ పెట్టాలిగా మాష్టారూ?

నిర్వాహకుడు:
మొదటి స్థానం కార్టర్ బార్ ఫొటోకి, మార్చిన మొదటి పాదంతో. వివరణ లేకుండా చదివినా ఆ తండ్రి కళ్ళకు కనిపిస్తాడు. రెండోది ఎనభై–యాభైకి. ఆలోచనలో అదే పెద్దది, పద్యం మాత్రం గణాంకాల మీద ఆధారపడి నిలబడింది. పెద్దాయన పద్యం షరతు దాటకపోయుంటే నా పని కష్టమయ్యేది. కుర్రాడికి ప్రోత్సాహక బహుమతి, బ్లాక్‌పూల్ నుంచి ఇంటికి వచ్చే దారి వెతికి మూడో పాదం తిరగరాస్తేనే ఇస్తాను.

తెనాలి మాష్టారు:
తీర్పుతో నేను ఏకీభవించడం లేదు. రాసి ఉంచండి.

నిర్వాహకుడు:
రాశాను మాష్టారూ. వచ్చే వారం సమస్య: “గొర్రె పాట పాడె గుంపు మురిసె”. మళ్ళీ ఆటవెలదే, మళ్ళీ స్కాట్లండే. గొర్రె తోలుతో కుట్టిన సంచిలోకి ఊపిరి ఊది వాయించే వాద్యం ఒకటుంది అక్కడ. ఇంతకంటే చెప్పను. ఆదివారం రాత్రిలోగా పంపండి.